రెండేళ్లుగా నా కెమెరా బ్యాగు, యాక్సిడెంట్ కవరేజీ ఎలా పనిచేశాయంటే

ఈ బ్యాక్‌ప్యాక్ కొని రెండేళ్లు దాటింది. కొన్న మూడో నెలలోనే నా చెయ్యి జారి ఆరు మెట్లు దొర్లుకుంటూ పోయింది. లోపల కెమెరా బాడీ, 24-70, 70-200 అనే జూమ్ లెన్సులు రెండూ ఉన్నాయి. కింద కూర్చుని జిప్పు తీస్తుంటే చేతులు వణికాయి. ఒక్కొక్కటీ బయటికి తీసి, గాజుని వెలుతురుకి ఎత్తి చూసి, జూమ్ రింగులు తిప్పి, నాలుగు ఫొటోలు తీసి చూసుకునేదాకా ఊపిరాడలేదు. దేనికీ గీత కూడా పడలేదు. ఆ రోజు నుంచి ఈ బ్యాగంటే నాకు ప్రాణం.

బ్యాగు కొనేటప్పుడు అందరూ జేబులెన్ని అని చూస్తారు, నేనైతే ముందుగా బ్యాగు అడుగుభాగం చూడమంటాను. రోజుకి ఎన్నిసార్లు కింద పెడతామో లెక్కే ఉండదు, ఆ దెబ్బంతా తినేది అడుగే. కొన్ని బ్యాగుల్లో పక్కల మందంగా ఫోమ్ వేసి అక్కడ మాత్రం పల్చగా వదిలేస్తారు. దీనికి అడుగున బొటనవేలంత మందం ఉంది, గట్టిగా నొక్కితే కొంచెం దిగి, వేలు తీయగానే పైకి లేస్తుంది. నొక్కినప్పుడు కింద ఉన్న నేల గట్టిదనం వేలికి తెలిసిందంటే ఆ బ్యాగు వద్దు. లోపలి అడ్డాలు వెల్‌క్రోవి, మన లెన్సుకి తగ్గట్టు జరుపుకోవాలి. బ్యాగు ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

ఒక్క మాట, బరువైన లెన్సుని బాడీకి తగిలించి అలాగే బ్యాగులో పెట్టే అలవాటుంటే దయచేసి మానేయండి. డీఎస్‌ఎల్‌ఆర్‌కి వాడే 70-200 ఎఫ్2.8 దాదాపు కిలోన్నర ఉంటుంది, బ్యాగు పడితే ఆ బరువు మౌంట్‌ని, అంటే లెన్సు బాడీకి తగులుకునే చోటుని, గునపం పెట్టి ఎత్తినట్టు లాగుతుంది. ఎంత మంచి ఫోమ్ అయినా దాన్ని పూర్తిగా ఆపలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ఖాళీ బ్యాగే బరువు, సామాను పెట్టాక గంటసేపు మోస్తే భుజాలు లాగేస్తాయి. వానలో తడిస్తే ఫోమ్ ఆరడానికి చాలాసేపు పడుతుంది, ఆ తేమలోనే లెన్సులు వదిలేస్తే ఫంగస్ పట్టొచ్చు. అందుకే ఇంటికి రాగానే అన్నీ తీసేసి, అడ్డాలు విడదీసి ఆరబెడతాను, సిలికా జెల్ పొట్లాలు ఎప్పుడూ లోపలే ఉంటాయి.

అయితే బ్యాగు ఎంత మంచిదైనా కెమెరా అందులో ఉన్నంతసేపే కదా. పోయినేడాది గాలికి ట్రైపాడ్ ఒరిగిపోయింది, కెమెరా ముఖం మీద పడింది. 24-70 ముందు రింగు సొట్టపోయి, ఫిల్టర్ ఇరుక్కుపోయి, జూమ్ 35 దగ్గర ఆగిపోయింది. పైనున్న ఫ్లాష్ కాలు విరిగింది. కంపెనీ వారంటీ తయారీ లోపాలకే, పడిపోతే వర్తించదు. కెమెరా సామానుకి విడిగా తీసుకున్న బీమా కవరేజీ లేకపోతే రిపేరు మొత్తం నా నెత్తిన పడేది.

క్లెయిమ్‌కి బిల్లులు, సీరియల్ నంబర్లు, విరిగిన చోట ఫొటోలు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ అడిగారు. బిల్లుల ఫొటోలు ముందే దాచుకున్నాను కాబట్టి టెన్షన్ పడలేదు. బాడీ, లెన్సు రిపేరుకి డబ్బు ఇచ్చారు, అందులో మొదట మనం భరించాల్సిన వాటా, పార్టుల తరుగుదల కోసేశారు. ఫ్లాష్‌కి ఒక్క పైసా రాలేదు, ఎందుకంటే పాలసీ జాబితాలో దాన్ని రాయించలేదు. తప్పు నాదే, కానీ తీసుకునేటప్పుడు ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే బాగుండేదని బాధ మాత్రం ఉంది.

మీరు తీసుకునేముందు చిన్న అక్షరాల్లో ఉన్నవి ఓపిగ్గా చదవండి. డబ్బు తీసుకుని షూట్ చేసేవాళ్లకి వర్తిస్తుందా, కారులో వదిలి వెళ్లినప్పుడు పోతే ఇస్తారా, వేరే దేశంలో జరిగితే సంగతేంటి, ఎక్కడ పోయిందో చెప్పలేని సందర్భంలో ఏం చేస్తారు, ఇవి పాలసీకో రకంగా ఉంటాయి. ఇంటి బీమా ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, వృత్తిగా వాడే సామానుని చాలా వాటిలో బయటే ఉంచుతారు.

ఈసారి రెన్యువల్‌లో ఫ్లాష్‌నీ, ట్రైపాడ్‌నీ కూడా రాయించాను. బ్యాగు మార్చే ఆలోచన లేదు, కుడి పట్టీ దగ్గర కుట్టు కాస్త లేచింది, గట్టిగా కుట్టించుకుంటే ఇంకో రెండేళ్లు వస్తుంది.