వంటింటి తలుపులు ఎటు తెరుచుకోవాలి? పైకి లేచేదా, పక్కకు తెరిచేదా, సొరుగా?

ఫ్లాట్‌లో వంటిల్లు చేయించేటప్పుడు లామినేట్ రంగు కోసం వారం రోజులు షాపులు తిరిగాం. ఏ తలుపు ఎటు తెరుచుకోవాలో మాత్రం కార్పెంటర్ అడిగినప్పుడు నిలబడిన చోటే చెప్పేశాం. రంగు సంగతి నెలకే మరిచిపోయాం. తలుపులతో ఇబ్బంది మాత్రం రోజూ ఉంది.

ముందు పై అరలు. పైకి లేచే లిఫ్ట్‌అప్ షట్టర్ (అర తలుపు) చూడ్డానికి బాగుంటుంది, తెరిచి వదిలేసినా నుదుటికి తగలదు. కానీ కొలిచి చూడండి. మా గట్టు ఎత్తు 34 అంగుళాలు. దానిపైన 24 వదిలి అర మొదలవుతుంది, ఆ అర ఎత్తు మరో 24. షట్టర్ పూర్తిగా లేస్తే దాని అంచు నేల నుంచి దాదాపు 82 అంగుళాల మీద ఆగుతుంది. మా అమ్మ ఎత్తు 5 అడుగులు. పోపు కోసం ఆవాల డబ్బా తీసుకుంటుంది, మూయాలంటే చెయ్యి అందదు. నన్ను పిలవాలి, లేదా పీట ఎక్కాలి. పక్కన నూనె కాగుతుంటే అమ్మ పీట ఎక్కడం తలుచుకుంటేనే నాకు టెన్షన్.

పక్కకు తెరిచే షట్టర్‌కూ చిక్కుంది. మూయడం మరిచి గిర్రున తిరిగితే దాని మూల నుదుటికి కొడుతుంది. అందుకే ఒక్కో రెక్క 15 అంగుళాలు దాటకుండా చేయించాలి. కబ్జాలు, అంటే తలుపు తిరిగే కీళ్లు, ఏ వైపు బిగించాలన్నది అంతకన్నా ముఖ్యం. పొయ్యికి కుడివైపు అరకు కబ్జాలు కుడి అంచుకే ఉండాలి. అప్పుడు తలుపు మనకు దూరంగా తెరుచుకుంటుంది, పొయ్యి దగ్గర నిలబడే డబ్బా అందుకోవచ్చు. ఎడమ అంచుకు బిగిస్తే మనకూ డబ్బాకూ మధ్య తలుపే అడ్డు. ఇంట్లో పొట్టివాళ్లు వండుతుంటే నా ఓటు పక్కకు తెరిచేదానికే.

గట్టు కింద మాత్రం సొరుగులే మేలు. షట్టర్ అయితే వంగి, ముందున్న గిన్నెలన్నీ తీస్తేగానీ వెనకున్న కుక్కర్ రాదు. సొరుగు లాగితే అన్నీ పైనుంచే కనిపిస్తాయి. సింకు కింద పైపులుంటాయి కాబట్టి అక్కడ షట్టరే. సిలిండర్ దగ్గరా అంతే, పైగా అడుగున గాలి సందులున్న షట్టర్ కావాలి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది.

ఎల్ ఆకారపు వంటింట్లో మూలను మరిచిపోకండి. మా మూలలో ఒక సొరుగు లాగితే పక్కదాని హ్యాండిల్‌కు గీసుకుంటుంది. కొత్త లామినేట్ మీద వెంట్రుకంత తెల్లటి గీత పడింది, అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. మూలలో రెండు సొరుగులకీ ఎడం ఉండేలా 2 అంగుళాల పట్టీ వేయించి ఉంటే సరిపోయేది.

ఫ్రిజ్ తలుపు గట్టు వైపు నోరు తెరవాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఎక్కువవాటికి కబ్జాలు కుడివైపు ఉంటాయి, కాబట్టి గట్టు ఎడమ పక్కన ఉంటే పాలగిన్నె తీసి వెంటనే దించొచ్చు. కుడివైపు గోడకు ఆనించి పెడితే తలుపు సగమే తెరుచుకుని కూరగాయల ట్రే బయటికి రాదు. తలుపు వైపు మార్చుకునే వీలు కొన్ని మోడళ్లకే ఉంటుంది, కొనేముందే అడగండి. మైక్రోవేవ్ తలుపు ఎక్కువగా ఎడమకు తెరుచుకుంటుంది, దించుకునే చోటు కుడివైపు ఉంచండి. డిష్‌వాషర్ తలుపు కిందికి వాలి దాదాపు 2 అడుగులు ముందుకు వస్తుంది. నడిచే దారి మూడున్నర అడుగులే అయితే మిగిలేది అడుగున్నర.

ఆర్డర్ ఇచ్చేముందు ఖాళీ వంటింటి నేల మీద సుద్దముక్కతో ప్రతి తలుపూ తిరిగే మేర గీయండి. వంట చేసేవాళ్లనే అందులో నిలబెట్టి, వంగమని, తిరగమని చెప్పండి. గీసేటప్పుడు హ్యాండిల్ మందం కూడా కలపండి.