లిస్బన్‌లో అల్జూబ్ మ్యూజియం: రెండు గంటలైనా చేతిలో పెట్టుకుని వెళ్లండి

లిస్బన్ వెళ్లినవాళ్లలో చాలామంది సే కెథడ్రల్ చూసి, 28 నంబరు ట్రామెక్కి వెళ్లిపోతారు. కెథడ్రల్‌ను ఆనుకునే ఉన్న అల్జూబ్‌ను మాత్రం వదిలేయొద్దు. పోర్చుగల్‌లో నియంతృత్వం నడిచిన రోజుల్లో, 1928 నుంచి 1965 దాకా, ఇది రాజకీయ ఖైదీల జైలు. 2015 ఏప్రిల్ 25న మ్యూజియం అయింది. సోమవారం సెలవు.

కింది నుంచి పైకే చూడండి, అంతస్తుల వరస అలా పేర్చారు. మొదటి అంతస్తులో సెన్సారు, రహస్య పత్రికలు. అధికారి నీలం పెన్సిల్ గీత పడితే వార్త ఆగిపోయేది. దానికి జవాబుగా కమ్యూనిస్టుల పత్రిక 'అవాంతె' 1941 నుంచి 1974 దాకా చాటుమాటుగా వస్తూనే ఉంది. బాగా పల్చటి కాగితం వాడేవారు: మడిస్తే జేబులో దాగాలి, ఒక్క సంచిలో ఎక్కువ ప్రతులు పట్టాలి. మామూలు కాపురంలా కనబడే అద్దె ఇంట్లో అక్షరాలు చేత్తో కూర్చి, చిన్న ప్రెస్సు మీద అచ్చేసేవారు. చప్పుడు పక్కింటికి వినబడితే పని అయిపోయినట్టే. అందుకే ఒక ఇంటివాళ్లకు ఇంకో ఇంటి ఆచూకీ తెలియనిచ్చేవారు కాదు. ఒకరు హింసకు లొంగినా మిగతా ప్రెస్సులు నడవాలి కదా. ఆ ఇళ్లను ఏళ్ల తరబడి కాపాడిన ఆడవాళ్ల గురించి రాసినవి తప్పక చదవండి.

రెండో అంతస్తుకు గుండె దిటవు కావాలి. ఒంటరి గదుల నమూనాలు ఇక్కడే ఉన్నాయి: సుమారు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు. పడుకునే చెక్క దించితే అడుగు వేయడానికి చోటుండదు. ఇక్కణ్ణుంచి ఖైదీని రహస్య పోలీసు 'పిడె' కార్యాలయానికి తీసుకెళ్లి, రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా, కదలనివ్వకుండా నిలబెట్టి ప్రశ్నించేవారు. నిద్ర కరువైన మనిషికి లేనివి కనబడతాయి, వినబడతాయి. అప్పుడు నోరు విప్పించాలని చూసేవారు. మళ్లీ తెచ్చి ఈ చీకట్లోనే పడేసేవారు. చిన్నపిల్లల్ని ఈ అంతస్తుకు తేవద్దు.

మూడో అంతస్తులో ఆఫ్రికా వలసల్లో పోర్చుగల్ చేసిన యుద్ధాలు: 1961లో అంగోలా, 1963లో గినీ (ఇప్పటి గినీ-బిసావు), 1964లో మొజాంబిక్‌లో మొదలయ్యాయి. నియంతృత్వాన్ని కూల్చింది ఈ యుద్ధాలే. గెలుపు లేదని తెలిసిన సైన్యంలోని కెప్టెన్లే 1974 ఏప్రిల్ 25న తిరగబడ్డారు. ఈ భాగానికి ఇంకా చోటివ్వాల్సింది. మూడు దేశాల ప్రజల పోరాటం ఇంత క్లుప్తంగా ముగిసేది కాదు.

ఇంకో రోజు ఖాళీ ఉంటే ఉత్తరాన సముద్రతీరంలోని పెనీష్ కోటకు వెళ్లండి, అదీ ఇప్పుడు మ్యూజియమే. గోవా విముక్తి నాయకుడు ట్రిస్టావ్ బ్రగాంజా కున్యాను బంధించింది అక్కడే. 1960 జనవరిలో కమ్యూనిస్టు నాయకుడు అల్వారో కున్యాల్, ఆయన సహచరులు ఒక కాపలావాడి సాయంతో, దుప్పట్లు ముడేసి గోడ దిగి తప్పించుకున్నదీ అక్కణ్ణుంచే.