క్రూగర్‌లో సొంత డ్రైవింగ్ సఫారీ: బస పార్కు లోపలే తీసుకోండి

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో గైడు అక్కర్లేదు. అద్దె కారు మనమే నడుపుకుంటూ సింహాల్నీ ఏనుగుల్నీ చూడొచ్చు. అక్కడా బండి ఎడమవైపే నడుస్తుంది కాబట్టి మనవాళ్లకు చెయ్యి తిరగడానికి ఒక పూట చాలు. కెన్యా ప్యాకేజీలో జీపు, డ్రైవరు, లాడ్జి కలిపి మనిషికింత అని వేస్తారు. ఇక్కడ నలుగురు కలిసి కారు, గది పంచుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. పార్కును నడిపే శాన్‌పార్క్స్ సంస్థకు లోపల రెస్ట్ క్యాంపులు, అంటే బస చేసే చోట్లు, ఉన్నాయి. వాటి గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే గదులు సాదాసీదా, తిండి అంతంతమాత్రం. అయినా బస మాత్రం లోపలే ఉండాలి.

కారణం గేట్ల వేళలు. నవంబరు నుంచి జనవరి దాకా లోపలి క్యాంపుల గేట్లు తెల్లవారుజామున 4.30కే తీస్తారు. బయటి నుంచి వచ్చేవాళ్లకు పార్కు గేటు తెరిచేది 5.30కి. ఆ తర్వాత వరస, కాగితాలు, రుసుము. ఎండెక్కితే సింహం, చిరుత నీడ పట్టుకుని పడుకుంటాయి, పొద్దున పోయిన గంట మళ్లీ రాదు. మే నుంచి జులై దాకా రెండు గేట్లూ 6 గంటలకే తీస్తారు. అప్పుడు కూడా లోపలున్నవాళ్లకు వరస గోల ఉండదు.

సాయంత్రం ఇదే నియమం మెడకు చుట్టుకుంటుంది. మే–జులైలో గేట్లు 5.30కి మూసేస్తారు, ఆలస్యమైతే జరిమానా. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. ఫోనులో మ్యాపు చూపించే సమయాన్ని నమ్మొద్దు. ఏనుగుల మంద రోడ్డు దాటుతుంటే అరగంట ఆగాల్సిందే. ఆగుతూ చూస్తూ పోతే గంటకు 20–25 కిలోమీటర్లే సాగుతుంది. స్కుకూజా క్యాంపు నుంచి సతారా క్యాంపుకు సుమారు 90 కిలోమీటర్లు, అంటే నాలుగైదు గంటలు వేసుకోండి. మధ్యలో త్షోక్వానే పిక్నిక్ స్థలం దగ్గర కాళ్లు చాపుకోవచ్చు, కానీ చేతిలోని బిస్కెట్ ప్యాకెట్‌ని కోతులు లాక్కుపోతాయి.

జొహానెస్‌బర్గ్ నుంచి పార్కు దక్షిణాన ఉన్న మాలెలేన్ గేటు దాదాపు 400 కిలోమీటర్లు. మధ్యాహ్నం విమానం దిగి అదే రోజు క్యాంపు చేరదామనుకోవడం కుదరని పని. ఆ రాత్రి దారిలోని ఎంబోంబెలా పట్టణంలో పడుకుని, సరుకులు కొనుక్కుని, తెల్లారి బయల్దేరండి.

ఐదు రాత్రులుంటే దక్షిణ, మధ్య భాగాలు దాటి వెళ్లొద్దు. లోయర్ సాబీ క్యాంపులో రెండు, సతారాలో రెండు, స్కుకూజాలో ఒకటి. లోయర్ సాబీ పక్కనే సన్‌సెట్ డ్యామ్, కారులోంచే నీటిగుర్రాలు, మొసళ్లు కనిపిస్తాయి. సాబీ నది వెంట స్కుకూజాకు వెళ్లే హెచ్4-1 రోడ్డులో చిరుత కోసం చెట్ల కొమ్మలు చూస్తూ పోండి. సతారా చుట్టూ గడ్డి మైదానాలు, సింహాలకు పేరు. అక్కడి ఎస్100 మట్టి రోడ్డుకు పొద్దున్నే వెళ్లాలి. ఉత్తరాన లెటాబా క్యాంపు దాటాక అడవంతా మొపానే చెట్లే. ఏనుగులు బాగానే ఉంటాయి గానీ తొలిసారి వచ్చినవాళ్లకు ఆ దూరం దండగ.

మన వేసవి సెలవుల్లో మే నెల దీనికి బాగా సరిపోతుంది. అక్కడ అప్పుడు వానలు ఆగి గడ్డి ఎండుతుంటుంది, జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి. జూన్, జులైలో ఇంకా బాగా కనిపిస్తాయి గానీ వాళ్ల బడి సెలవులు కలిస్తే గదులు దొరకవు. పొద్దున చలి గట్టిగా ఉంటుంది, జాకెట్ తప్పనిసరి.

గదుల బుకింగ్ 11 నెలల ముందే మొదలవుతుంది. నది కనిపించే గదులు ముందు పోతాయి. రద్దయినవి మళ్లీ సైటులోకి వస్తుంటాయి కాబట్టి తరచూ చూస్తుండాలి. డబ్బు కట్టేటప్పుడు కార్డు పనిచేయకపోతే సైటును తిట్టే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపులు ఆన్ చేశారో లేదో చూడండి. గది అద్దెలో ప్రవేశ రుసుము ఉండదు. అది మనిషికి రోజుకింత, విదేశీయులకు వేరే ధర, ఏటా నవంబరులో మారుతుంది. వారం దాటి ఉంటే వైల్డ్ కార్డ్ అనే ఏడాది ప్రవేశ పాసుతో పోల్చి చూసుకోండి.

బంగళా తీసుకుంటే ఏసీ, ఫ్రిజ్, బాత్రూమ్ ఉంటాయి. చాలావాటిలో వరండాలో పొయ్యి కూడా ఉంటుంది, ముందే అడిగి ఖాయం చేసుకోండి. చవక గుడిసెలకు వంటగది ఉమ్మడి. రెస్టారెంట్లలో మాంసానిదే రాజ్యం, శాకాహారులకు చిప్స్, సలాడ్, పిజ్జాతో రెండో రోజుకే విసుగొస్తుంది. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. మన గీజర్లకు వాడే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గే అక్కడి పాత సాకెట్లలో పడుతుంది, కుక్కర్‌కి అలాంటి కన్వర్టర్ ఉంటే చాలు. ఫ్రిజ్ గొళ్లెం పెట్టడం మరిచారో, బబూన్లు ఖాళీ చేసేస్తాయి.

కారు మామూలు సెడాన్ చాలు, ఎత్తుగా ఉంటే గడ్డి మీదుగా చూపు ఆనుతుంది. అద్దె బీమాలో టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం చాలాసార్లు కలవవు. మట్టి రోడ్లెక్కే ముందు ఆ షరతు చదవండి. ఎక్కడ పడితే అక్కడ కారు దిగకూడదు, తల బయట పెట్టకూడదు. మగ ఏనుగు కణతల నుంచి ద్రవం కారుతూ, వెనక కాళ్లు మూత్రంతో తడిసి ఉంటే మదమెక్కిందని అర్థం. దాని దారి వదిలేసి వెనక్కి వచ్చేయండి.

చీకటి పడ్డాక తిరగాలంటే పార్కు వాహనంలోనే వెళ్లాలి. ఆ నైట్ డ్రైవ్‌కు మాత్రం డబ్బు ఖర్చు పెట్టండి, దుమ్ములగొండ్లు ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయి. ఆరేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకోరు. క్రూగర్ మలేరియా ప్రాంతం, మాత్రల గురించి వెళ్లే ముందే డాక్టరును కలవండి. తిరిగొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి. దారిలో కెన్యాలో రెండు రోజులు ఆగే ఆలోచనుంటే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు.