గృహ బీమా ఏది భరిస్తుంది, ఏది భరించదు: కొన్నేళ్లుగా పాలసీ కొనసాగిస్తున్న నెల్లూరు జిల్లావాసి సమీక్ష

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలు కట్ట కోతకు గురైన తరువాత, కోవూరు ప్రాంతంలోని మా ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకొని, నేటికీ కొనసాగిస్తున్నాను. బీమా నియంత్రణ సంస్థ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు అందిస్తున్న ప్రామాణిక పాలసీ ఇది కనుక, కంపెనీ ఏదైనా మూల నిబంధనలు ఒకటే.

అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు, నీటి ట్యాంకులు లేదా పైపులు పగలడం వంటి సంఘటనల వల్ల ఇంటికి కలిగే నష్టాన్ని ఇది భరిస్తుంది. నష్టం ఎంత పెద్దదైనా, దానికి ఇలాంటి ఒక సంఘటన కారణమని తేలకపోతే క్లెయిమ్ నిలవదు. సముద్రపు ఉప్పు గాలికి చువ్వలు తుప్పుపట్టి శ్లాబు పెచ్చులు ఊడిపోవడం, చెదలు, ఏళ్ల తరబడి గోడల్లో పేరుకున్న చెమ్మ, కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే పగుళ్లు దీని పరిధిలోకి రావు. మన తీరప్రాంతపు ఇళ్లను ఎక్కువగా దెబ్బతీసేవి ఇవే కాబట్టి, పాలసీ తీసుకునేవారు ముందుగా చదవవలసినది మినహాయింపుల భాగమే.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తరువాత మేము చేసిన క్లెయిమ్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. గాలివానకు కూలిన ప్రహరీ గోడ, ఎగిరిపోయిన వరండా రేకులు, నీళ్లు చేరి పాడైన మంచాలు, బీరువా పరిహారపు లెక్కలోకి వచ్చాయి. అదే వానకు మరింతగా ఉరిసిన పాత శ్లాబు మరమ్మతును, నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చిన బీమా సర్వేయర్ తోసిపుచ్చారు. లోపల తుప్పుపట్టిన చువ్వలు ఫోటోల్లో కనిపిస్తున్నందున ఆ నిర్ణయం న్యాయమైనదేనని నేను భావిస్తున్నాను. ప్రహరీ గోడను మాత్రం మొదట ఇంటి భాగం కాదంటూ తీసివేశారు. ప్రహరీలు, గేట్లు, సెప్టిక్ ట్యాంకులు, స్థిరమైన నీటి తొట్లు, సోలార్ పలకలు కట్టడంలో భాగమేనని పాలసీ నిర్వచనంలోనే ఉందని లిఖితపూర్వకంగా చూపిన తరువాత దానిని తిరిగి చేర్చారు. ఆ పాలసీ పత్రాన్ని చేతిలో ఉంచుకోకుండా సర్వేయర్‌తో మాట్లాడవద్దని ఇరుగుపొరుగు వారందరికీ చెబుతున్నాను.

సామానుకు విడిగా జాబితా ఇవ్వకపోయినా, కట్టడపు బీమా మొత్తంలో (కట్టడానికి కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తంలో) 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలకు రక్షణ దానంతట అదే లభిస్తుంది. నగలకు అదనపు రక్షణను ప్రత్యేకంగా కోరి తీసుకోవాలి. నగదు, దస్తావేజులు, వాహనాలు ఇందులో చేరవు. షార్ట్ సర్క్యూట్ వల్ల ఫ్రిజ్ ఒక్కటే కాలిపోతే దాని ఖరీదు రాదు. ఆ మంట ఇంటికి అంటుకుంటే మిగిలిన నష్టం వస్తుంది. దొంగతనం విషయంలో చాలామంది పొరబడుతున్నారు: వరద వంటి బీమా సంఘటన కారణంగా, అది జరిగిన 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికే ఇది వర్తిస్తుంది, మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి దోచుకుపోతే వర్తించదు. అందుకు వేరే పాలసీ కావాలి.

బీమా మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు స్థలం విలువను కలపకూడదు; కార్పెట్ విస్తీర్ణాన్ని, అంటే గోడల లోపల వాడుకునే నేల విస్తీర్ణాన్ని, ప్రస్తుత నిర్మాణ వ్యయంతో గుణించి లెక్కకట్టాలి. విలువ కొంత తక్కువగా చూపినా ఆ నిష్పత్తిలో క్లెయిమ్‌ను కోయరాదన్న నియమం పాత అగ్ని బీమా పాలసీల కంటే దీనిని మెరుగుపరిచిందని నా అభిప్రాయం. అయినా కట్టడం పూర్తిగా పోతే చెల్లింపు బీమా మొత్తాన్ని దాటదు కాబట్టి, సిమెంటు, ఇనుము, కూలి ధరలు పెరిగినప్పుడల్లా నేను ఆ అంకెను పెంచుతున్నాను.