డెవన్‌లో మట్టిగోడల పూరింట్లో ఏడేళ్ళున్నాం, ఇదీ నా రివ్యూ

2018లో ఎక్సెటర్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు టౌన్‌లో అద్దెలు చూసి భయపడి క్రెడిటన్ వైపు పల్లెల్లో వెతికితే ఈ ఇల్లు దొరికింది. మట్టిగోడలు, పైన గోధుమగడ్డి కప్పు, 1500ల నాటిదని రికార్డులో ఉంది. మా ఆవిడ ఫోటో చూసి "ఇంగ్లండ్ వచ్చి పూరింట్లో ఉండాలా" అంది, ఇప్పుడు ఖాళీ చేద్దామంటే ఒప్పుకోదు. చాలామంది అడుగుతున్నారు కాబట్టి బాగున్నవీ బాగోలేనివీ అన్నీ రాస్తున్నా.

ముందు గోడ గురించి. దీన్ని ఇక్కడ కాబ్ అంటారు. ఇటుక కాదు, పలకల మధ్య పోసి దిమ్మిసా కొట్టిన మట్టీ కాదు. పైమట్టి తీసేసి దాని కింద ఉండే బంకమట్టిలో గడ్డి, నీళ్ళు కలిపి కాళ్ళతోనో ఎద్దులతోనో తొక్కించి, పారతో ముద్దలు ముద్దలుగా గోడ మీదకి ఎత్తి తొక్కుతారు, రెండడుగుల ఎత్తు లేచాక ఆపి అది ఆరేదాకా ఆగి మళ్ళీ పైన ఇంకో వరస, చివర్లో పక్కలు చెక్కి సాపు చేస్తారు. వానలెక్కువ చోటు కదా, ఆరడానికే వారాలు పట్టేది. మా వెనకాల కొట్టానికి పూత లేదు, ఆ వరసలన్నీ ఎర్రగా (ఇక్కడి మట్టే ఎరుపు) విడివిడిగా కనిపిస్తాయి, దగ్గరకెళితే గడ్డిపోచలు కూడా. నాకు ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన గోడ అదే. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో సముద్రయాత్రలు చేసిన వాల్టర్ రాలీ దొర పుట్టిన హేస్ బార్టన్ ఇల్లు కూడా ఇలాంటిదే, ఈస్ట్ బడ్లీ ఊరి దగ్గర ఉంది, అంటే ఇది పేదోళ్ళ కట్టుబడి మాత్రమే అనుకోకండి. 1800లలో రైళ్ళొచ్చి ఇటుక, వేల్స్ నుంచి పలకరాయి చవగ్గా దిగాక జనం మట్టి మానేశారు.

మా గోడ మందం రెండున్నర అడుగులు. కిటికీ గట్టు మీద మా అమ్మాయి దిండేసుకుని చదువుకుంటుంది, అంత లోతు. 2022 జులైలో ఇంగ్లండ్‌లో మొదటిసారి 40 డిగ్రీలు దాటిన వారంలో ఆఫీసులో అందరూ ఫ్యాన్ల కోసం తిరుగుతుంటే మా ఇంట్లో ఫ్యానే పెట్టలేదు. కానీ "చలికాలం వెచ్చగా ఉంటుంది" అనే మాట సగమే నిజం. మట్టి వేడిని దాచుకుంటుంది అంతే, బయటికి పోకుండా ఆపడంలో అంత గొప్పేం కాదు. ఓసారి జనవరిలో నెల్లాళ్ళు విజయనగరం వెళ్ళొస్తే గోడలు మళ్ళీ వెచ్చబడటానికి నాలుగు రోజులు పట్టింది, ఊళ్ళో గ్యాస్ లైన్ లేదు, ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ఖర్చు బాగానే అయింది. వైఫై ఒక గదిలోంచి ఇంకో గదిలోకి రాదు. ఇన్సూరెన్స్ కూడా ఎక్కువే.

ఇక కప్పు. మూడో ఏడు వెనక వైపు కొత్తగా నేయించారు. పాత గడ్డంతా పీకేస్తారేమో అనుకున్నా, కాదు, కుళ్ళిన పైపొర తీసి దాని మీదే కొత్తది వేస్తారు, హేజెల్ అనే చెట్టు కొమ్మలు చీల్చి జడపిన్నులా మెలిపెట్టి గుచ్చి బిగిస్తారు. కప్పు నేసే ఆయన నన్ను నిచ్చెన ఎక్కించి అడుగుపొర చూపించాడు, మసిబారి నల్లగా ఉంది. అప్పట్లో చిమ్నీ లేదు, హాలు మధ్యలో పొయ్యి, పొగంతా గడ్డిలోంచే పైకి పోయేది, ఆ పొగే దాన్ని పురుగు పట్టకుండా ఇన్ని వందల ఏళ్ళు కాపాడింది. ఆ గడ్డి చేత్తో పట్టుకున్నప్పుడు మా అమ్మమ్మ వంటింటి వాసాలు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు నాకు. కొత్త గడ్డి మామూలు పొలాల్లోది పనికిరాదు, ఇప్పటి గోధుమ పొట్టిది, మిషన్ నలిపేస్తుంది, అందుకని మారిస్ విడ్జన్ లాంటి పొడుగు రకాలు దీనికోసమే వేస్తారు. మంచిగా నేస్తే పాతిక ముప్పై ఏళ్ళొస్తుంది, కొప్పు (కప్పు పైఅంచు) మాత్రం పది పదిహేనేళ్ళకోసారి మార్చాలి. చూరుకి గొట్టాలుండవు, వానొస్తే నీళ్ళు ధారలుగా గోడకి దూరంగా పడతాయి, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండొచ్చు.

డెవన్‌లో పాత మాట ఒకటుంది, కాబ్ ఇంటికి మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని. టోపీ కప్పు, బూట్లు కింద రాతి పునాది. మన దగ్గర చూరు కిందకి దించి, గోడ అడుగున అరుగు వేసి ఏటా అలికేది దేనికోసమో నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది.

మాకు ఎదురుదెబ్బ తగిలింది మాత్రం ఆ రెండిటి మధ్య ఉన్న గోడ దగ్గర. మేం రాకముందెప్పుడో ఎవరో వెనక గోడకి సిమెంటు పూత వేశారు. సిమెంటులో సన్న పగుళ్ళొచ్చి నీళ్ళు లోపలికెళ్ళాయి, బయటికి రావడానికి దారి లేదు, ఓ చలికాలం రాత్రి మంచమంత ముక్క జారి కింద పడింది. మొదట వచ్చిన మేస్త్రీ గోడలో తడి రాకుండా మందెక్కించాలని డబ్బు తీసుకున్నాడు, అది దండగ. తర్వాత కాబ్ పని తెలిసిన పెద్దాయన సిమెంటంతా ఊడగొట్టి ఒక వేసవంతా గోడని ఆరనిచ్చి, ఎండబెట్టిన మట్టి దిమ్మలు మట్టితోనే పేర్చి, మూడు పూతలు సున్నం వేశాడు. గ్రేడ్ టూ లిస్టెడ్ ఇల్లు (కాపాడాల్సిన పాత కట్టడాల సర్కారు జాబితాలో ఉన్నది) కాబట్టి పర్మిషన్‌కే నెలలు పట్టింది, అయినా అది ఉండాల్సిందే అంటా నేను, ఆ అడ్డు లేకపోతే ఈపాటికి సగం ఇళ్ళకి సిమెంటు పూసేసేవాళ్ళు. అప్పట్నుంచి ఆ గదిలో ముక్కిపోయిన వాసన లేదు. మన పోపులు, కుక్కర్ ఆవిరి కూడా సున్నం గోడ పీల్చుకుని మెల్లగా వదిలేస్తుంది, ప్లాస్టిక్ పెయింట్ మాత్రం వేయనివ్వకండి.

చూడటానికి వెళ్తే గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళండి. సున్నమో సిమెంటో అడగండి, గోడ అడుగున అరచెయ్యి ఆనించి చూడండి, బయట నేల లోపలి నేల కంటే ఎత్తుగా ఉంటే వదిలేయండి. కట్టెల పొయ్యి ఉంటే చిమ్నీలో మసి ఆఖరిసారి ఎప్పుడు ఊడ్పించారో కాగితం చూపించమనండి, గడ్డి ఇళ్ళు కాలేది ఎక్కువగా అక్కడ్నుంచే.