నీళ్ల లైటు ఆరకపోతే: సెన్సర్ కడగాలా, లోకల్‌ది వేయాలా, ఒరిజినల్ కొనాలా?

భీమవరం నుంచి చేపల లోడుతో కోల్‌కతా వైపు బయలుదేరిన బండికి దారిలో ఆగే వీలుండదు. ఐసు కరిగేలోపు మార్కెట్ చేరాలి. అలాంటి ట్రిప్పులో, బరంపురం దాటాక, అర్ధరాత్రి మా డ్రైవర్ ఫోన్ చేశాడు. “అన్నా, డీజిల్లో నీళ్ల లైటు పడింది. ఫిల్టర్ కింద నీళ్లు వదిలేశాను, అయినా ఆరట్లేదు. పక్క బండి డ్రైవరు సెన్సర్ కప్లర్ పీకేయమంటున్నాడు. పీకేయనా?”

కప్లర్ అంటే సెన్సర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు. పీకొద్దన్నాను. ఖాళీ సీసాలో ఇంకాస్త వదిలి, పది నిమిషాలు కదపకుండా పెట్టి చూడమన్నాను. అడుగున నీటి చుక్క లేదు, అంతా డీజిలే. ఇక బయలుదేరమని, టీకి ఆగిన ప్రతిచోటా ఒకసారి వదిలి చూసుకోమని చెప్పాను. బండి క్షేమంగా చేరింది. తిరిగొచ్చాక చూస్తే పోయింది సెన్సరే. అప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో నలుగురిని అడిగితే నాలుగు మాటలు వచ్చాయి: కడిగి బిగించు, లోకల్‌ది వేసెయ్, ఒరిజినల్ తెప్పించు, బౌల్‌తో (ఫిల్టర్ అడుగున నీళ్లు చేరే గిన్నెతో) సహా మార్చెయ్.

అసలు ఆ సెన్సర్ చేసే పని చిన్నదే. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములే తూగుతుంది. అందుకే డీజిల్లో కలిసిన నీళ్లు, డీజిల్‌ని మొదట వడగట్టే ప్రీ ఫిల్టర్ అడుగుకు దిగుతాయి. అక్కడ సెన్సర్‌కి రెండు లోహపు మొనలు ఉంటాయి. డీజిల్‌లో కరెంటు పారదు, నీళ్లలో పారుతుంది. నీటి మట్టం మొనలను తాకగానే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. పని చిన్నదే అయినా కాపాడేది పెద్ద ఖర్చును. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ ప్రెషర్ 1,600 బార్ దాటేవి చాలా ఉన్నాయి. ఆ పంపుకీ ఇంజెక్టర్లకీ లోపల కందెన డీజిలే. అక్కడికి నీళ్లు చేరితే తుప్పు పడుతుంది, గీతలు పడతాయి. ఒక్క ఇంజెక్టర్ ఖర్చుతో ఇలాంటి సెన్సర్లు ఎన్నో కొనుక్కోవచ్చు.

కాబట్టి కప్లర్ పీకడమనే దారిని నేను లెక్కలోకే తీసుకోను. కొన్ని బండ్లలో పీకితే లైటు ఆరుతుంది, కొన్నింటిలో సర్క్యూట్ తెగిందని ఇంకో లోపం కోడ్ పడుతుంది. ఆ కోడ్ కూడా పడకుండా రెసిస్టర్ పెట్టి ఇచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే బంకులో నీళ్లు కలిసిన డీజిల్ పడిన రోజున మనకు చెప్పేవాళ్లుండరు.

ఏది కొనాలన్న ప్రశ్న కన్నా ముందు, నిజంగా సెన్సరే పోయిందా అన్నది తేల్చుకోవాలి. ఆ కోడ్‌లు చదివే స్కానర్ ఉంటే సగం పని అయినట్టే. భారీ వాహనాల్లో కంప్యూటర్లు మాట్లాడుకునే జే1939 పద్ధతిలో ఈ సెన్సర్ నంబరు ఎస్‌పీఎన్ 97. కమిన్స్ ఇంజన్లలో 418 కోడ్ పడితే నీళ్లు ఉన్నాయని అర్థం. 428, 429 పడితే వోల్టేజ్ తేడా, అంటే సెన్సర్ గానీ వైరింగ్ గానీ చూడాలి. స్కానర్ లేకపోతే బండి నడకను గమనించండి. ఘాట్ ఎక్కేటప్పుడో గట్టిగా బ్రేకు వేసినప్పుడో మాత్రమే వెలిగి, చదునులో ఆరిపోతుంటే నీళ్లు మొనల దగ్గరిదాకా వచ్చి ఊగుతున్నాయేమో ముందు అనుమానించాలి. అలాంటప్పుడు సెన్సర్ మార్చితే డబ్బు దండగ.

నీళ్లు వదిలేటప్పుడు చాలామంది పొరబడేది ఒకటుంది. ప్రీ ఫిల్టర్, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు ముందు, డీజిల్ పీల్చుకునే వైపు ఉంటుంది. కింద కాక్ తిప్పినా పైనుంచి గాలి చొరబడకపోతే నీళ్లు పూర్తిగా దిగవు. రెండు చుక్కలు కారి ఆగిపోతే ఖాళీ అయిందనుకుంటాం. ఇంజన్ ఆపి, పైన ఎయిర్ స్క్రూ వదులు చేస్తే అప్పుడు ధార కడుతుంది. తర్వాత స్క్రూ బిగించి హ్యాండ్ పంపు కొట్టి ఎయిర్ తీయాలి. ఇది చేశాక కూడా లైటు ఆరకపోతేనే కప్లర్ విప్పి చూడండి. పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయా, వైరు ఛాసిస్‌కి రాసుకుని తెగిందా? వర్షాకాలంలో, ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో తిరిగే బండ్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ.

ఇక కడిగి వాడటం. మొనల మీద నల్లటి జిగురు పేరుకుని ఉంటే శుభ్రమైన డీజిల్‌లో ముంచి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. ఉప్పుకాగితంతో మాత్రం రుద్దకండి, మొన మీది పూత పోతే త్వరగా తుప్పు పడుతుంది. ప్లాస్టిక్‌కి పగులు కనిపించినా, కప్లర్ వైపు డీజిల్ చెమ్మ తగిలినా కడగడం అనవసరం, లోపలి నుంచే పోయింది. మాది అలాగే పోయింది.

లోకల్‌దా ఒరిజినలా అన్న దగ్గరే నేను ఎక్కువ తిరిగాను. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. అదే మర, అదే సైజు, అదే కప్లర్. కానీ లోపలి సంగతి వేరు. కొన్ని సెన్సర్లు రెండు వైర్లవి, మొనల మధ్య రెసిస్టర్ మాత్రమే ఉంటుంది. కొన్ని మూడు వైర్లవి, లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. కార్లకూ చిన్న వాహనాలకూ 12 వోల్టులు, మన పెద్ద లారీలకు 24. నీళ్లు తగిలినప్పుడు కొన్ని సిగ్నల్ ఇస్తాయి, కొన్ని ఉన్న సిగ్నల్ ఆపేస్తాయి. ఇవి కలవకపోతే లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండొచ్చు, అసలు వెలగకపోనూ వచ్చు. మొదటిదైతే చిరాకు, అంతే. నాకు భయం రెండోదంటేనే. లైటు ఆరింది కదా అని డ్రైవర్ నిశ్చింతగా ఉంటాడు, కింద నీళ్లు నిండుతుంటాయి.

అయితే లోకల్‌దంటే పనికిరానిదని నేను అనను. దాన్ని బిగించకముందే పరీక్షించే ఉపాయం మన చేతిలోనే ఉంది. కప్లర్ తగిలించి, కీ ఆన్ చేసి, రెండు మొనలూ గ్లాసుడు కుళాయి నీళ్లలో ముంచండి. కొన్ని బండ్లలో లైటు కొంచెం ఆలస్యంగా వస్తుంది, ఓపిగ్గా చూడండి. వెలిగితే తుడిచి, డీజిల్‌లో ముంచి ఆరుతుందో లేదో చూడండి. ఈ రెండూ చూపించనిచ్చే షాపులోనే కొనండి. నేను చూసిన రెండు లోకల్ సెన్సర్లలో ఒకటి నీళ్లలో ముంచినా వెలగలేదు. రెండోది బాగానే పనిచేసింది, కానీ దాని మెడకుండే రబ్బరు సీలు, అంటే ‘ఓ రింగు’, గట్టిగా, పెళుసుగా ఉంది.

ఆ ఓ రింగును తేలిగ్గా తీసుకోకూడదు. అది పీల్చే వైపు ఉంటుంది కాబట్టి సరిగ్గా కూర్చోకపోయినా బండి నడుస్తున్నప్పుడు డీజిల్ కారకపోవచ్చు, గాలి లోపలికి వెళ్తుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే స్టార్ట్ కాక సతాయిస్తుంది. మెకానిక్ పంపు విప్పుతాడు, నాజిళ్లు విప్పుతాడు, సెన్సర్ మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు. కొత్త రింగుకి డీజిల్ రాసి, చేత్తో తిప్పి కూర్చోబెట్టి, చివర కొద్దిగా మాత్రమే బిగించాలి. పానా వేసి బలంగా తిప్పితే బౌల్ మర కోసుకుపోతుంది.

బౌల్‌తో సహా మార్చడం అలా మర పోయిన బండికో, బౌల్ పగిలిన బండికో తప్పదు. సెన్సర్, కాక్ ఒకే ముక్కగా వచ్చే మోడల్ అయితే అది వేరే సంగతి, అక్కడ రెండూ కలిపే కొనాలి. మిగతావాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. దానికి బదులు సెన్సర్ మార్చే రోజే ప్రీ ఫిల్టర్ కూడా మార్చండి. ఎలాగూ డీజిల్ దించుతాం, ఎలాగూ ఎయిర్ తీస్తాం. చాలా బండ్లలో సెన్సర్ ఫిల్టర్ అడుగునే ఉంటుంది, ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ దాన్ని విప్పి కొత్త ఫిల్టర్‌కి తగిలించాలి. పాత రింగుతోనే బిగిస్తే పైన చెప్పిన గాలి గొడవ మళ్లీ మొదలవుతుంది.

చివరికి నేను బండికి ఒరిజినల్ వేశాను. ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ సరిచూసుకుని తెప్పించాను, రావడానికి నాలుగు రోజులు పట్టింది. దూరాల లోడు ఎత్తే బండికి అదే సరైనదని నా నమ్మకం. ఊరి చుట్టూ తిరిగే టిప్పరైతే, పరీక్షలో నెగ్గిన లోకల్ సెన్సర్‌కి మంచి ఓ రింగు వేసుకుని నడుపుకోవచ్చు. నేను చూసిన రెండో లోకల్ సెన్సర్‌ని కూడా కొన్నాను. కొత్త రింగు తొడిగి, కవర్లో చుట్టి టూల్‌బాక్సులో పెట్టాను, పక్కన ఒక ఖాళీ సీసా కూడా. బరంపురం దగ్గర మళ్లీ లైటు పడితే ముందు సీసా తీయమని డ్రైవర్‌కి చెప్పాను, సెన్సర్ తర్వాత.