జీసీ టూత్ మూస్: తెల్ల మచ్చలకు మంచిదే, కానీ ఫ్లోరైడ్ పేస్టు మానేయకండి

క్లిప్పులు తీసేశాక ముందు పళ్ల మీద సుద్ద పూసినట్టు మచ్చలు మిగిలిపోయినవాళ్లకి, చల్లనీళ్లు తగిలితే పళ్లు జివ్వుమనేవాళ్లకి నేను ధైర్యంగా చెప్పే క్రీమ్ ఇది. నేను మచ్చల కోసమే మొదలుపెట్టాను.

ఇందులో 10 శాతం సీపీపీ-ఏసీపీ ఉంటుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం పాలలోని కేసిన్ ప్రోటీన్ నుంచి తయారుచేసిన పదార్థం ఇది, ట్యూబు మీద రికాల్డెంట్ అని రాసి ఉండేది దీన్నే. పంటిని గట్టిగా ఉంచే కాల్షియం, ఫాస్ఫేట్ ఊరికే కలిస్తే గట్టిపడిపోతాయి, ఇక పంటిలోకి దిగవు. ఈ కేసిన్ ముక్కలు వాటిని గట్టిపడనివ్వకుండా పట్టుకుని పళ్ల మీది పాచికి అతుక్కుంటాయి, పాచిలో ఆమ్లం పెరిగి ఎనామిల్ కరుగుతున్నప్పుడు సరిగ్గా అక్కడే వదులుతాయి. నాకు బాగా నచ్చింది ఈ పనితీరే.

బ్రష్ చేశాక బఠాణీ గింజంత వేలితో రాసి 3 నిమిషాలు ఆగి, నాలుకతో నోరంతా తిప్పి ఇంకాసేపు ఉంచుకుని ఉమ్మేయాలి, పుక్కిలించకూడదు, అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది కాబట్టి పడుకునేముందు రాస్తే ఎక్కువసేపు నిలుస్తుంది. నురగ రాదు, గరుకు ఉండదు, స్ట్రాబెరీ రుచి పిల్లలకి కూడా నచ్చుతుంది.

ఫలితం చూసుకునేటప్పుడు పంటిని తుడిచి ఆరనిచ్చి చూడండి. తడి ఆరితే మచ్చలోని సన్నటి రంధ్రాల్లో నీళ్ల బదులు గాలి చేరి అది ఇంకా తెల్లగా కొడుతుంది, అసలు మచ్చ ఎంతుందో అప్పుడే తెలుస్తుంది. నాకు అంచులు బాగా కలిసిపోయాయి, మధ్యలో కొంచెం ఉంది. జివ్వుమనడం మాత్రం చాలా తగ్గింది, ఐస్‌క్రీమ్ టెన్షన్ లేకుండా తింటున్నాను.

ఇక పాల నుంచి వచ్చింది, సహజం అంటూ దీన్నే పేస్టులా వాడేవాళ్లని చూస్తే బాధేస్తుంది. మామూలు మూస్‌లో ఫ్లోరైడ్ లేదు. ఫ్లోరైడ్ కంటే ఇది మేలని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు కూడా, కాబట్టి ఇది పేస్టుకి తోడు మాత్రమే. ఎంఐ పేస్ట్ ప్లస్ అనే రకంలో 900 పీపీఎం (పది లక్షల పాళ్లకి 900 పాళ్లు) ఫ్లోరైడ్ ఉంటుంది, ఆరేళ్లలోపు పిల్లలకి అది వద్దు. గుంట పడిన పన్ను దీనితో పూడదు, ఫిల్లింగ్ చేయించుకోవాల్సిందే.

పాల ప్రోటీన్ అలెర్జీ ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి అస్సలు వెళ్లకండి. పాలు అరగకపోవడం వేరు, అది లాక్టోస్ అనే చక్కెరతో వచ్చే ఇబ్బంది. ఇక్కడ ప్రమాదం కేసిన్‌తో. ఇంట్లో పిల్లలకి రాసేముందు ఈ సంగతి డెంటిస్టుకి తప్పకుండా చెప్పండి.